తెర మీద హాజరు

"పన్నెండు దాటేదాకా పెద్దావిడ ఆ కుర్చీలోనే ఉంది. హాల్లో ఉన్న ప్రతివాడూ తెర మీద చూశాడు. ఆ టైములో ఇంట్లో ఉన్నది ఈ నర్సు ఒక్కతే. ఇంకేం కావాలి టీచరమ్మా మీకు?"

ఇన్‌స్పెక్టర్ ఈ మాట అనడం మూడోసారి. అన్న ప్రతిసారీ గొంతు ఒక మెట్టు పైకెక్కింది. స్టేషన్లో ఆయన్ని చాటుగా తుఫాను అని ఎందుకంటారో ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ ఈపాటికి అర్థమైపోయింది.

టీచరమ్మ ఖాళీ చక్రాల కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని కింద నుంచి పైదాకా చూస్తోంది. ఇరవై ఏళ్లు బడిలో సైన్సు చెప్పి, మానేసి, ఇప్పుడు కనిపించకుండా పోయినవాళ్లని వెతకడమే పనిగా పెట్టుకున్న మనిషి ఆమె. గట్టిగా మాట్లాడటం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. క్లాసులో వెనక బెంచీవాళ్లు ఆమె మాట వినడానికి ముందుకు వంగాల్సి వచ్చేది. ఇన్‌స్పెక్టర్‌కి వంగే అలవాటు లేదు.

జరిగింది ఇంత. ఆ ఉదయం పదకొండు గంటలకి ఫంక్షన్ హాల్లో ఈ ఇంటి అమ్మాయి పెళ్లి. అమ్మానాన్నా లేని ఆ అమ్మాయిని పెంచింది నాయనమ్మే. అయినా ఆవిడది గుండె జబ్బు, జనంలోకి తీసుకెళ్లడం కుదరదని బాబాయి పట్టుబట్టాడు. అందుకని ఆవిడ కోసం, వేరే ఊళ్లో ఉద్యోగానికి సెలవు దొరక్క రాలేకపోయిన పెదనాన్న కోసం, దూరాన ఉన్న మరికొందరు చుట్టాల కోసం పెళ్లిని లైవ్ పెట్టించారు. నాయనమ్మ గదిలో స్టాండుకి ఒక ట్యాబ్ బిగించారు. అందులో ఆవిడకి పెళ్లి కనిపిస్తుంది. ఆ ట్యాబ్ కెమెరా ఆవిడ ముఖాన్ని హాల్లో వేదిక పక్కనున్న పెద్ద తెర మీద అందరికీ చూపిస్తుంది. సంతకాలయ్యాయి, ఉంగరాలు మార్చుకున్నారు, పన్నెండుకి చప్పట్లు కొట్టారు. ఒంటిగంటన్నరకి దీవెనల కోసం కొత్త జంట ఇంటికొచ్చేసరికి కుర్చీ ఖాళీ.

ఇప్పుడు నాలుగైంది. ఆరింటికి ఆవిడ గుండె మాత్ర వేసుకోవాలి. మాత్రల డబ్బా ఇక్కడే మంచం పక్కన బల్ల మీద ఉంది. ఒక్క పూట తప్పినా తాను పూచీ పడలేనని డాక్టరు ఫోన్లో చెప్పేశాడు. పెళ్లికొడుకు స్నేహితుల్ని వెంటేసుకుని ఆస్పత్రులన్నీ తిరుగుతున్నాడు.

"కుర్చీకి బ్రేకు వేసి ఉంది," అంది టీచరమ్మ.

"అయితే?"

"పాదాలు పెట్టుకునే పలకలు రెండూ పైకి మడిచి ఉన్నాయి. మనిషిని ఎత్తుకుపోయేవాడికి ఇంత తీరిక ఉండదండీ. తనంతట తాను లేచి నిలబడే మనిషి చేసుకునే పని ఇది."

"మా అమ్మ నాలుగడుగులు కూడా వేయలేదు మేడమ్," అన్నాడు బాబాయి గుమ్మంలోంచి. ఆయన లోపలికి రావడం, బయటికి పోవడం, మళ్లీ లోపలికి రావడం ఇందాకట్నుంచీ ఆగలేదు.

గోడకి ఆనుకుని నిలబడ్డ నర్సు ఏదో అనబోయి మింగేసింది. టీచరమ్మ అది చూసింది. చూడనట్టు లేచి, బల్ల సొరుగు లాగింది. కళ్లజోడు పెట్టె ఉంది. తెరిచింది. లోపల నల్ల ఫ్రేము జోడు ఒకటి, మెత్తటి గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. తన కళ్లకి పెట్టుకుని అరచేతిని చూసుకుంది. గీతలన్నీ పెద్దపెద్దగా కనిపించాయి.

"ఇది దగ్గర చూపుది కదూ? ఆవిడకి ఇంకో జోడు ఉందా?"

"ఉందండీ," అంది నర్సు నెమ్మదిగా. "దూరం చూపుకి. గోధుమ రంగుది."

"ఎక్కడ?"

నర్సు తల దించుకుంది.

వీధి చివర రైల్వే గేటు గంట గణగణమని మొదలైంది. ఆ గంట మోగినంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా వినపడదు. ఇన్‌స్పెక్టర్ మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. గంట ఆగాక ఆఖరి ముక్క అందరికీ వినబడింది.

"...కిడ్నాప్ చేసేవాడు కళ్లజోడు తీసుకెళ్లకూడదని రూలుందా?"

"తీసుకెళ్తాడు. కానీ ముఖం మీదున్న జోడు తీసి, తుడిచి, గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి, రెండోది వెతికి తీసుకెళ్లడు. చేతికందేంత దూరంలో ఉన్న ట్యాబ్ చూడటానికి ఈ నల్లది కావాలి. ఆవిడ పెట్టుకెళ్లింది దూరానివి. ఏదో దూరం నుంచి చూడాలనుకుని వెళ్లారు."

"ఇది బడి కాదు టీచరమ్మా, హాజరు వేసుకుని పిల్లల్ని ఇంటికి పంపడానికి! అమ్మాయి మీ పాత శిష్యురాలని, ఏడుస్తూ ఫోన్ చేసిందని మిమ్మల్ని లోపలికి రానిచ్చాను. అయిదు నిమిషాలు. తర్వాత ఈ నర్సుని జీపెక్కిస్తాను."

నర్సు ముఖం పాలిపోయింది.

అప్పుడే బాబాయి చేతిలో ఫోన్ మోగింది. పెదనాన్న. బాబాయి స్పీకర్ నొక్కాడు.

"ఒరేయ్, అమ్మ సంగతేమైంది?" గొంతు ఆదుర్దాగా ఉంది. వెనక బండి ఇంజను చప్పుడు.

"ఇంకా తెలీదు అన్నయ్యా. పోలీసులు ఇక్కడే ఉన్నారు."

"నేను బయల్దేరిపోయాన్రా. ఉద్యోగం పోతే పోయింది. చేరేసరికి రాత్రవుతుంది. పొద్దున్నుంచీ లైవ్‌లో కళ్లప్పగించి చూస్తూనే ఉన్నా. ఆ ఉంగరం చేజారి దొర్లిపోయినప్పుడే నా మనసు ఎందుకో కీడు శంకించింది. చిట్టి ఎలా ఉంది? ఏడుస్తోందా?"

"ఏడవక ఏం చేస్తుంది!"

"అమ్మ మందులు తీసుకెళ్లిందా?"

"లేదన్నయ్యా, డబ్బా ఇక్కడే ఉంది."

"నర్సుని ఆ మాత్రల పేర్లు చదవమను. నాకు తెలిసిన డాక్టర్లని కనుక్కుంటా," అన్నాడు పెదనాన్న.

నర్సు డబ్బా తీసి పేర్లు చదివింది. ఫోన్ పెట్టేశాక ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు.

"కొడుకంటే అలా ఉండాలి. అంత దూరంలో ఉండి కూడా తల్లి మందుల గురించి అడుగుతున్నాడు. మనం ఇక్కడ కళ్లజోళ్ల లెక్క తేలుస్తున్నాం."

టీచరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. గుమ్మం వైపు చూస్తోంది.

గుమ్మంలో పెళ్లికూతురు నిలబడి ఉంది. ఇంట్లో అందరూ చిట్టి అనే పిలుస్తారు. పెళ్లి బట్టలు ఇంకా మార్చుకోలేదు. వేలికున్న కొత్త ఉంగరాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉంది. అది వదులుగా ఉన్నట్టుంది, తిప్పిన ప్రతిసారీ కణుపుదాకా జారుతోంది.

"టీచర్, నాయనమ్మ నామీద అలిగి వెళ్లిపోయింది," అంది.

"అలా ఎందుకనుకున్నావు?"

చిట్టి ఇన్‌స్పెక్టర్ వైపు బెరుగ్గా చూసింది. టీచరమ్మ ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తానే ముందుకు వంగింది.

"నేను బడిలో డాన్సు చేసినా, ప్రైజు తీసుకున్నా నాయనమ్మ ఎప్పుడూ వెనకాలే నిలబడేది టీచర్. ముందు కూర్చోమంటే సిగ్గు. నేను స్టేజీ మీంచి ఇలా చెవి పట్టుకునేదాన్ని." చిట్టి రెండు వేళ్లతో చెవి తమ్మె పట్టుకుంది. "చూశావా నన్ను, అని. తను కూడా పట్టుకునేది. చూశానులే, అని. ఎవరికీ తెలీదు మా సంగతి. బాబాయికి కూడా."

"ఇవాళ?"

"సంతకం పెట్టే ముందు తెర వైపు తిరిగి పట్టుకున్నా. నాయనమ్మ నవ్వుతూ చూస్తోందంతే. ఉంగరాలప్పుడు మళ్లీ పట్టుకున్నా. చప్పట్లప్పుడు మళ్లీ. అదే నవ్వు. చెయ్యి కదపలేదు. నన్ను హాలుకి తీసుకెళ్లమని ఎంత బతిమాలిందో టీచర్. బాబాయి వద్దన్నాడని నేనూ ఊరుకున్నా. అందుకే కోపమొచ్చి..."

మిగతాది ఏడుపులో కలిసిపోయింది. టీచరమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. కానీ ఆమె చూపు ట్యాబ్ మీదుంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, హాజరు సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను. మా క్లాసులో ఒకడు ఆటకి పారిపోతే పక్కవాడు గొంతు మార్చి వాడి హాజరు కూడా పలికేవాడు. గొంతుని బట్టి నేనెప్పుడూ పట్టుకోలేకపోయాను. అందుకని మళ్లీ ఏదో ఒకటి అడిగేదాన్ని. హాజరైతే పలకగలడు గానీ, జవాబు చెప్పాలంటే అసలు మనిషి ఉండాలిగా."

"మీ కథలకి నాకు టైము..."

"ఈ అమ్మాయి ఇవాళ ఆ తెరని మూడుసార్లు అడిగింది. ఒక్కసారి కూడా జవాబు రాలేదు. ఆ తెర మీద నాయనమ్మ లేరు. నాయనమ్మ బొమ్మ ఉంది."

ఇన్‌స్పెక్టర్ పెద్దగా నవ్వాడు.

"అబ్బో! రికార్డింగ్ అంటారు. ఎవడు పెట్టాడు, ఈ కుర్చీయా?"

"కింద వరండాలో ఒకాయన గంట నుంచి ఒకే వైరుని చుడుతున్నాడు, విప్పుతున్నాడు. ఆయన్ని పిలవండి."

లైవ్ పెట్టినవాణ్ణి అందరూ కెమెరా అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో వైరు చుట్టతోనే పైకొచ్చాడు. గదిలోకి రాగానే అతను చూసింది ఇన్‌స్పెక్టర్‌ని కాదు, నర్సుని. నర్సు తల అడ్డంగా ఊపింది.

"మీ సైగలు తర్వాత," అంది టీచరమ్మ. "ఆరింటికి పెద్దావిడకి మాత్ర వేయాలి. ఇచ్చిన మాట పెద్దదా, మనిషి పెద్దదా?"

కెమెరా కుప్పకూలినట్టు మంచం అంచున కూర్చున్నాడు.

"బామ్మగారే పెట్టమన్నారండీ."

"ఏంటీ!" అని అరిచాడు బాబాయి.

"నిన్న టెస్ట్ చేయడానికొచ్చినప్పుడు బామ్మగారు నా చెయ్యి పట్టుకుని, 'నాయనా, నా మనవరాలి పెళ్లి ఈ పలక ముక్కలో చూడాలా నేను? నన్నిక్కడ కట్టేసి నా ముఖం అక్కడ ఊరేగిస్తారా?' అన్నారు. గంటసేపు ట్యాబ్ ముందు కూర్చుని నవ్వుతూ రికార్డ్ చేయించుకున్నారు. మధ్యలో కునికిపాటు కూడా పడ్డారు. అది వద్దులెండి అంటే, 'ఉంచరా, లేకపోతే నేనని నమ్మరు' అన్నారు."

చిట్టి ఏడుపులోనే నవ్వింది. "తెర మీద కునుకు తీసిందని హాల్లో అందరూ నవ్వారు."

"పొద్దున నేనే మెట్లు దింపి ఆటో ఎక్కించాను," అంది నర్సు. ఇప్పుడు ఆమె గొంతు గట్టిగానే ఉంది. "నాలుగడుగులు వేయలేరని మీరంటారు గానీ, రోజూ సాయంత్రం ఈ పై వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తారు బాబుగారూ. మీరెప్పుడూ ఆ టైముకి ఇంట్లో ఉండరు, అంతే. వెనక వరసలో కూర్చుని, చూసుకుని, అందరికన్నా ముందే వచ్చేస్తానన్నారు. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. రాలేదు. హాల్లోనే ఎక్కడో ఉంటారని ఇతన్ని పంపాను."

"రెండుసార్లు వెతికానండీ. స్టోరు రూముతో సహా," అన్నాడు కెమెరా. "నేనూ మైకు పట్టుకుని ఎదురుచూశా."

టీచరమ్మ చటుక్కున తిరిగింది. "మైకెందుకు?"

"చప్పట్లయ్యాక చెయ్యి ఎత్తుతానన్నారు బామ్మగారు. ఎత్తగానే మైకు తెచ్చిమ్మన్నారు. అందరి ముందూ రెండు మాటలు చెప్పాలన్నారు. ఎత్తలేదు. మనసు మార్చుకుని ఇంటికెళ్లిపోయారనుకున్నా."

"ఏం మాటలు?"

కెమెరా తెలీదన్నట్టు చేతులు తిప్పాడు. నర్సు కాస్త తటపటాయించింది.

"మొన్న ఫోన్లో ఎవరితోనో అంటున్నారు. 'పెళ్లిలో అందరి ముందూ నువ్వు చెప్తావా, నేనే లేచొచ్చి చెప్పమంటావా' అని. నేను రాగానే పెట్టేశారు."

ఇన్‌స్పెక్టర్ నర్సుని జీపెక్కించే సంగతి మానేసి కెమెరా మీదకి మళ్లాడు. "నిన్నూ లోపలేస్తా. హాల్లో నీ కెమెరా పెళ్లికూతుర్ని తప్ప ఇంకెవర్నీ చూపించదా?"

"లైవ్‌లోకి వెళ్లేది వేదిక మీదున్నదేనండీ. జనాన్ని తీసేది ఇంకోటి ఉంది, వేదిక మీద పూల వెనకాల. అది లైవ్‌కి పోదు, రికార్డ్ అవుతుంది. తర్వాత ఆల్బమ్ వీడియోలో చుట్టాల ముఖాలు కలపడానికి."

"అది తెరువు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఇన్‌స్పెక్టర్‌కి అది నచ్చలేదు.

కెమెరా ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టాడు. అందరూ వంగారు. వరసలు వరసలుగా తలలు. ఫోన్లు ఎత్తిన చేతులు. ఆఖరి వరసలో, స్తంభం పక్కన, కర్టెన్ నీడలో నీలం చీర కట్టుకుని, ముక్కు మీదుగా మాస్కు పెట్టుకుని ఒకావిడ. గోధుమ రంగు కళ్లజోడు.

"నాయనమ్మ!" అంది చిట్టి.

వీడియోలో సంతకాల సమయం వచ్చింది. వేదిక మీద చిట్టి చెయ్యి చెవి దగ్గరికి వెళ్లి ఉంటుంది; అది ఇందులో కనిపించదు. కనిపించింది ఒకటే. ఆఖరి వరసలో నీలం చీర చెయ్యి మెల్లగా పైకి లేచింది. రెండు వేళ్లు చెవి తమ్మెని పట్టుకున్నాయి.

చిట్టి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఉంగరాలప్పుడు ఆ చెయ్యి మళ్లీ లేచింది. తన మనవరాలు చూస్తున్నది తెర వైపని, ఇటు కాదని ఆవిడకి తెలుసు. అయినా ప్రతిసారీ పట్టుకుంది.

"అలగలేదమ్మా," అంది టీచరమ్మ. "నువ్వు అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పారు."

చప్పట్లు మొదలయ్యాయి. నాయనమ్మ మాస్కు కిందికి లాగి, మైకు కోసం చెయ్యి ఎత్తబోయింది. సగంలో ఆ చెయ్యి ఆగిపోయింది. పక్కకి ఒక మగమనిషి వచ్చాడు. టోపీ, మాస్కు. ఆవిడ చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. నాయనమ్మ ఉలిక్కిపడి అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అతని జబ్బ పట్టుకుని లేచి, కర్టెన్ వెనక్కి వెళ్లిపోయింది.

"బలవంతం లేదు. తెలిసినవాడే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు తగ్గింది. "కానీ ముఖం ఒక్క అంగుళం కూడా కనిపించదే! టోపీ పెట్టుకున్న ప్రతివాణ్ణీ పట్టుకురమ్మంటారా టీచరమ్మా?"

"అక్కర్లేదు." టీచరమ్మ చిట్టి వైపు తిరిగింది. "ఉంగరం ఎలా పడింది?"

చిట్టి ముఖం ఎర్రబడింది. "అది మీకెలా తెలుసు టీచర్? మీరు పెళ్లికి రాలేదుగా. వదులుగా ఉంది, జారిపోయింది. దొర్లుకుంటూ వెళ్లి బల్ల కింద పడింది. అందరూ అయ్యో అన్నారు."

"మీ పెదనాన్న చెప్పారుగా ఇందాక ఫోన్లో. లైవ్‌లో చూశానని."

"చూడటానికి వీల్లేదే," అన్నాడు కెమెరా.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఆ ముక్క లైవ్‌లో లేదండీ. హాల్లో జరిగింది బయటికి అర నిమిషం ఆలస్యంగా పోయేట్టు పెట్టుకుంటాను నేను. ఎవరైనా కాలు జారినా, గొడవ పడినా దాన్ని తీసేసి పూల బొమ్మ వేస్తాను. పెళ్లివాళ్ల పరువు నా చేతిలో ఉంటుందండీ! ఉంగరం పడగానే పూలు వేసేశా. మీ చుట్టాల్లో ఒకావిడ అప్పుడే ఫోన్ చేసి, 'మధ్యలో ఈ పూలేంటయ్యా, పిల్లని చూపించు' అని తిట్టారు కూడా."

"మీరెవరైనా ఆయనకి చెప్పారా?" అని బాబాయిని అడిగింది టీచరమ్మ.

"లేదు మేడమ్." బాబాయి గోడని పట్టుకున్నాడు. "ఎవరితోనూ అనొద్దని హాల్లోనే అందరికీ చెప్పాను. ఉంగరం పడటం చూడాలంటే... హాల్లో ఉండాలి."

ఆ మాట పలికినవాడికే ముందు అర్థమైంది. ఆయన మంచం మీద కూలబడ్డాడు.

"ఎనిమిదేళ్ల కింద చిట్టి వాళ్ల నాన్న కారు ప్రమాదంలో పోయాడు. సైకిల్ మీద వెళ్తున్న ఒక కుర్రాడు కూడా పోయాడు. మా చిన్నన్నయ్యే తాగి నడిపాడన్నారు. కార్లో ఇద్దరే ఉన్నారు. బతికి బయటపడింది పెద్దన్నయ్య. అలా చెప్పిందీ ఆయనే."

చిట్టి ఉంగరం తిప్పడం ఆపేసింది.

చిన్నప్పుడు బడిలో ఒకమ్మాయి ఆమెని తాగుబోతు కూతురా అని పిలిచింది. ఆ రోజు చిట్టి సైన్సు గది మూలన కూర్చుని అన్నం తినలేదు. అది టీచరమ్మకి గుర్తుంది. చిట్టికి గుర్తుందో లేదో అడగాల్సిన పని లేకపోయింది.

"నాయనమ్మ చెప్పాలనుకున్నది అదా?" అంది చిట్టి. "మా నాన్న కాదనా?"

ఎవరూ జవాబు చెప్పకముందే బాబాయి ఫోన్ మోగింది. పెదనాన్న.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. "ఇటివ్వండి. వాడి సంగతి నేను..."

"మీరు అరిస్తే ఆయన ఫోన్ కట్టేస్తాడు. ఆవిడ ఆయన దగ్గరుంది," అంది టీచరమ్మ. అంతసేపట్లో ఆమె గొంతు పెరగడం ఇదే మొదలు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి గాల్లోనే ఆగింది. టీచరమ్మ ఫోన్ తీసి చిట్టి చేతిలో పెట్టింది. "మామూలుగా మాట్లాడు. ఏడుపొస్తే ఏడువు, పర్వాలేదు. ముఖం చూపించమని అడుగు."

చిట్టి పచ్చ గుర్తు నొక్కింది.

"పెదనాన్నా..."

"చిట్టీ! తల్లీ, పోలీసులు వెళ్లిపోయారా?"

"వెళ్లిపోయారు. ఎవరూ లేరు పెదనాన్నా. ఒక్కదాన్నే ఉన్నా. నీ ముఖం చూపించవా?"

"బండి నడుపుతున్నాను తల్లీ."

"ఒక్క నిమిషం. భయమేస్తోంది నాకు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌కి కనిపించకుండా గోడ పక్కకి జరిగాడు. అప్పుడు ఫోన్లో బొమ్మ వెలిగింది. స్టీరింగు వెనక పెదనాన్న. టోపీ లేదు, కానీ నుదుటి మీద టోపీ అదిమిన గీత ఇంకా ఉంది. ఫోన్ ముందు అద్దం కింద తగిలించినట్టుంది. ఆయన భుజం మీదుగా వెనక సీటు కొంచెం కనిపిస్తోంది. దాని మీద ఏదో దుప్పటి.

"ఏడవకు. ఇదుగో, ఒక పని చెయ్యి," అన్నాడు ఆయన. "నా స్నేహితుడు ఆస్పత్రులు వెతుకుతున్నాడు. అమ్మ దొరికితే వెంటనే వేయాలిగా, చీటీ లేకుండా షాపుల్లో ఇవ్వరు, ఆ మాత్రల డబ్బా నర్సుతో వీధి చివరకి పంపు. అతను తీసుకుంటాడు. బాబాయికి చెప్పొద్దు, కంగారుపడతాడు."

టీచరమ్మ ఫోన్‌కి కనిపించకుండా పక్కన నిలబడి, రెండు వేళ్లతో తన చెవి పట్టుకుంది.

చిట్టి కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. అర్థమైంది.

"సరే పెదనాన్నా," అంటూనే, జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యి ఎత్తి చెవి తమ్మె పట్టుకుంది. వదల్లేదు. "పంపిస్తా. ఎవరికీ చెప్పను. నువ్వెక్కడిదాకా వచ్చావు?"

"ఇంకా చాలా దూరం. సగం దారి కూడా కాలేదు."

ఆయన వెనక దుప్పటి కదిలింది. సీటు అంచు పక్కన తెల్ల జుట్టు కొంచెం పైకి తేలింది. గోధుమ రంగు కళ్లజోడు మెరిసింది. ఆ కళ్లజోడు వెనక సీట్లోంచి, ముందు అద్దం కింద ఉన్న ఫోన్లోని చిన్న ముఖం వైపు సూటిగా చూసింది. తర్వాత ఒక ముడతల చెయ్యి లేచింది. రెండు వేళ్లు చెవిని వెతుక్కున్నాయి, పట్టుకున్నాయి.

నర్సు కొంగు నోట్లో కుక్కుకుంది. బాబాయి గోడ వైపు తిరిగిపోయాడు.

అదే సమయానికి వీధి చివర రైల్వే గేటు గంట మొదలైంది. గణగణమని కిటికీలోంచి వచ్చింది. ఒక్క క్షణం ఆలస్యంగా, అదే గంట ఫోన్లోంచి కూడా వచ్చింది.

ఇన్‌స్పెక్టర్, టీచరమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సగం దారిలో లేడు. స్నేహితుడూ లేడు. పడిన గేటు ముందు ఆగి ఉన్నాడు, ఈ వీధి చివరే. ఇన్‌స్పెక్టర్ వంగి బూట్లు విప్పాడు. చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద, ఒక్క చప్పుడు కూడా లేకుండా మెట్ల వైపు నడిచాడు. ఆయన అలా నడవగలడని ఆయనకే తెలిసి ఉండదు.

మాట్లాడుతూ ఉండు, అని టీచరమ్మ చేత్తో సైగ చేసింది.

"పెదనాన్నా, నాయనమ్మ దొరుకుతుంది కదూ?" అంది చిట్టి. చెవి మీది చెయ్యి తీయలేదు.

"దొరుకుతుంది తల్లీ. నేను చూసుకుంటాగా. నువ్వు ముందు ఆ డబ్బా..."

ఆయన ఆగాడు. గంట ఆయన బండి బయట మోగుతోంది. ఆయన ముందు, ఫోన్లో, చిట్టి ఉన్న గదిలోంచి కూడా మోగుతోంది. ఆయనకి కూడా రెండూ వినిపించాయి.

"చిట్టీ, ఆ చెయ్యి ఎందుకలా పెట్టావు?"

చిట్టి నవ్వడానికి ప్రయత్నించింది. పెదవులు కదల్లేదు.

పెదనాన్న కళ్లు ఫోన్ మీంచి లేచాయి. మెల్లగా, చాలా మెల్లగా, వెనక సీటు కనిపించే అద్దం వైపు వెళ్లాయి.

నాయనమ్మ చెయ్యి చెవి మీంచి దిగలేదు.